ఏరు దాటేటప్పుడు పిలిచే పేరు

దయ్యం అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. విరుదునగర్‌లో ఒక నూలు మిల్లులో ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి. మిషను కొత్తగా శబ్దం చేస్తోందంటే దానికో కారణం ఉంటుంది. బేరింగు అరిగిపోయి ఉంటుంది, లేదంటే బెల్టు జారి ఉంటుంది. ఒకసారి మిల్లు పైకప్పు దగ్గర ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని పనివాళ్ళు లోపలికి రామని మొండికేశారు. నిచ్చెన వేసుకుని పైకెక్కి, వదులైపోయిన ఫ్యాను రెక్కని విప్పి తెచ్చి వాళ్ళ ముందు పడేశాను. "ఇదిగో మీ మోహిని, కావాలంటే బొట్టు పెట్టి పూజ చేసుకోండి" అన్నాను.

అలాంటి నేను ఇది రాయడానికి కూర్చున్నాను. రాయకపోతే ఇది బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. ఒక సాయంత్రం మా పాప మాకు దక్కుతుందో దక్కదో తెలియకుండా కాసేపు గడిచింది. పాప దక్కింది. ఎలా దక్కిందన్నదే నాకు అంతుపట్టడం లేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం పోయే దారిలో ఒక నల్లరేగడి పల్లె మాది. మా పెద్దలు ఎప్పుడో తెలుగుదేశం నుంచి వలస వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగు కూడా మాట్లాడటమే తప్ప చదవడం మాలో ఎవరికీ రాదు. నాకు అక్షరాలు నేర్పింది నా భార్య ఇందిర. ఆమెది చిత్తూరు దగ్గర. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ మాట్లాడుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. "మీ అమ్మ మా తాతమ్మ కాలపు తెలుగు మాట్లాడుతుందండీ" అనేది. తర్వాత తర్వాత తనకీ ఆ మాటలే అలవాటైపోయాయి.

మా కుటుంబంలో ఒక ఆచారం ఉంది. ఏరు దాటేటప్పుడు ఇంటికి పెద్ద ఆడమనిషి, తన వెంట ఉన్నవాళ్ళందరినీ పేరు పెట్టి పిలుస్తుంది. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు "ఉండా" అనాలి. ఉన్నాను అని చెప్పడం అన్నమాట. అందరి పేర్లూ అయ్యాక ఆఖరున "లచ్చక్కా" అని పిలుస్తుంది. ఆ పేరుకి మాత్రం ఎవరూ పలకకూడదు. ఊపిరి తీసుకున్నంతసేపు ఆగి, ఆ పిలిచినావిడే "వస్తాది" అంటుంది. అంతటితో అయిపోతుంది.

లచ్చక్క మా వంశంలో ఒక చిన్నపిల్ల. మావాళ్ళు ఒకప్పుడు దక్షిణాన పెద్దేటికి అవతలి గట్టున, ఒక రాతిగుడి పక్కన ఉండేవాళ్ళట. ఏదో గొడవ వచ్చి, ఉన్నపళంగా పిల్లాజెల్లాతో ఏరు దాటి ఇటు వచ్చేశారు. ఇవతలికి చేరాక చూసుకుంటే ఈ పిల్ల లేదు. తండ్రి దగ్గర ఉందని తల్లి అనుకుంది, తల్లి దగ్గర ఉందని తండ్రి అనుకున్నాడు. వెనక్కి పోదామంటే ఏరు పొంగిపోయింది. అప్పటినుంచి ఆ పిల్లని పిలవకుండా మావాళ్ళు ఏ ఏరూ దాటరు.

ఇంట్లో దూలానికి ఒక తాటాకు పెట్టె వేలాడుతూ ఉండేది. అందులో ఆ పిల్లకని ఒక పావడ, రవిక, చిన్న చేతికి పట్టే గాజులు ఉండేవి. ఏటా ఒకసారి పెట్టె దించి, పాతవి తీసి కొత్తవి పెట్టి, మళ్ళీ వేలాడదీసేవాళ్ళు. దాన్ని ఆటకి కూడా ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు.

ఈ పిలుపుల పుణ్యమా అని చిన్నప్పుడు నేను పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోవాలంటే మధ్యలో సాత్తూరు వంతెన దాటాలి. కింద వైప్పారు. అందులో నీళ్ళెక్కడివి? ఇసుకలో పిల్లలు బంతాట ఆడుకుంటూ ఉంటారు. అయినా సరే, బస్సు వంతెన ఎక్కడం ఆలస్యం, మా అమ్మ సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడి పేర్లు మొదలుపెట్టేది. బస్సంతా తిరిగి మమ్మల్ని చూసేది. ఒకసారి ఉక్రోషం పట్టలేక, "ఏట్లో చుక్క నీళ్ళు లేవు కదమ్మా, ఎవరు మునుగుతారని?" అన్నాను.

"ఏరు ఏరేరా. నీళ్ళు లేకుంటే ఏరు కాకుండా పోతాదా?" అంది.

నాన్న పోయాక అమ్మని విరుదునగర్ తీసుకొచ్చేశాను. అమ్మతో పాటు ఆ తాటాకు పెట్టె కూడా వచ్చింది. మా అద్దె ఇంట్లో దూలాలు లేవు. వంటింటి కొక్కేనికి తగిలించాం. ఇందిర దాని కింద నిలబడి వండేటప్పుడు తల కాస్త పక్కకి పెట్టుకునేది.

ఏడాది తిరిగేసరికి అమ్మకి మతిమరుపు మొదలైంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూనే "నేను తింటినా?" అని అడిగేది. అది భరించాం. భరించలేకపోయింది మరొకటి. అందరికంటే ముందు అమ్మ మరిచిపోయింది మా పాప పేరునే.

పాప పేరు సుధ. అప్పటికి నాలుగో తరగతి. పుట్టినప్పటినుంచి సెలవులన్నీ అవ్వ ఒళ్ళోనే గడిపిన పిల్ల. రోజూ పొద్దున లేవగానే అవ్వ ఎదురుగా పోయి నిలబడి, "నా పేరు చెప్పు అవ్వా" అనేది. అమ్మ దాని గడ్డం పట్టుకుని, "నా బంగారుకి పేరు లేదా ఏమి? ఉండాదే, నోట్లోనే ఉండాదే" అనేది. నోట్లోంచి బయటికి మాత్రం వచ్చేది కాదు. సుధ నవ్వుతున్నట్టే ఇవతలికి వచ్చి, పెరట్లో కూర్చుని ఏడ్చేది.

చిత్రం ఏమిటంటే లచ్చక్క పేరు మాత్రం అమ్మ ఒక్కనాడూ మరిచిపోలేదు. ఎన్ని తరాల కిందటిదో తెలియని పిల్ల గుర్తుంది, చేతుల్లో పెరిగిన పిల్ల గుర్తులేదు. నాకు ఆ పెట్టె మీద కసి పుట్టింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగింది అసలు సంగతి. విరుదునగర్‌లో ఒక రిటైరైన చరిత్ర మాస్టారు ఉండేవారు. తమిళాయన. ఆదివారాలు వ్యాను మాట్లాడి, నలుగురినీ పోగేసి, ఎవరూ పట్టించుకోని పాత గుళ్ళకి తీసుకుపోయి చూపించేవారు. ఇందిర స్నేహితురాలు ఆ వార్త తెచ్చింది. ఈసారి తామ్రపర్ణి అవతలి గట్టున పాండ్యుల కాలం నాటి పాడుబడ్డ గుడి, ఆ తర్వాత సూర్యాస్తమయం వేళకి ఏట్లో పడవ షికారు.

మూల కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ తలెత్తింది. "ఏటికి ఆ గట్టున రాతిగుడా? నేనూ వస్తాను" అంది.

నేను వద్దన్నాను. పడవ ఎక్కలేవన్నాను, ఎండ అన్నాను, కోప్పడ్డాను కూడా. అమ్మ ఏదీ చెవిన పెట్టలేదు. తెల్లవారి చూస్తే మా అందరికంటే ముందు లేచి, తలకి పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వాకిట్లో కూర్చుంది. నడుముకి చెక్కుకున్న సంచీ ఉబ్బెత్తుగా ఉంది. పెట్టెలోని గాజులు తీసి అందులో పెట్టుకుందని తర్వాత తెలిసింది.

వ్యాను సాత్తూరు వంతెన ఎక్కింది. అమ్మ మొదలుపెట్టింది. "రామసామీ" అంది. "ఉండా" అన్నాను. "ఇందిరా" అంది. "ఉండాను అత్తా" అంది ఇందిర. తర్వాత ఆగిపోయింది. సుధ వైపు చూసింది. సుధ అవ్వ నోటివైపే చూస్తోంది. నేను వంగి అమ్మ చెవిలో "సుధ" అన్నాను. "ఆఁ, సుదా" అంది అమ్మ. "ఉండా" అని చెప్పి పాప మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆ వెంటనే ఎవరూ అందించకుండానే "లచ్చక్కా" అని గట్టిగా పిలిచింది. నాకు వచ్చిన కోపానికి వ్యాను ఆపమని దిగిపోదామనిపించింది.

ఏటి దగ్గరికి చేరేసరికి ఎండ వాలుతోంది. దిగువన ఆనకట్ట ఉండటంతో ఆ చోట నీళ్ళు నిండుగా, కదలనట్టుగా ఉన్నాయి. ఒడ్డున చూస్తే మోకాలి లోతే అనిపిస్తుంది, కానీ నాలుగు అడుగులు వేస్తే కాలికి నేల అందదట. పడవాయన మమ్మల్ని ఎక్కించుకునే ముందే ఆ మాట చెప్పాడు. చేపల పడవకి ఇంజను పెట్టి, బెంచీలు బిగించి షికారు పడవ చేసుకున్నాడు. చాలా జాగ్రత్త మనిషి. ఎక్కేటప్పుడు వేలితో ఒక్కొక్క తలనీ లెక్కపెట్టాడు. "తీసుకుపోయినంతమందినీ తెచ్చి దించడం నా పద్ధతి" అన్నాడు.

పోయేటప్పుడు కూడా అమ్మ పేర్లు పిలిచింది. పాప పేరు అప్పుడూ నేనే అందించాను. సుధ పడవ ముక్కు దగ్గర పలక మీద, మిగతావాళ్ళకంటే ముందుకి పోయి కూర్చుంది. వచ్చేటప్పుడూ అక్కడే కూర్చుంటానంది.

గుడి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సగం ఇసుకలో దిగబడిపోయింది. మండపంలో స్తంభాలు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉన్నాయి. గర్భగుడి ఖాళీ. మాస్టారు ఏ రాయి ఏ కాలానిదో చెప్పుకుంటూ పోయారు. నీళ్ళలోకి దిగే రాతిమెట్లు మాత్రం నిన్న కట్టినట్టు గట్టిగా ఉన్నాయి.

గర్భగుడి గడప మీద ఎవరో చిన్న చిన్న గాజులు పెట్టి పోయారు. కొన్ని కొత్తవి, కొన్ని మన్ను పట్టి రంగు పోయినవి. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు పెడతారని మాస్టారు చెప్పారు. "ఎవరికమ్మా అని అడిగితే వాళ్ళకీ తెలియదు. మా అత్త పెట్టేది, నేనూ పెడుతున్నాను అంటారు" అన్నారు.

అమ్మ అక్కడే కూలబడిపోయింది. నడుములోని సంచీ విప్పి, మా పెట్టెలోని గాజులు తీసి గడప మీద పెట్టింది. ఆకుపచ్చ గాజులు. సుధ ముచ్చటపడి చెయ్యి చాపింది.

"అవి నీవి కావు పాపా. ఆ బిడ్డవి" అంది అమ్మ.

"ఎప్పుడొస్తుంది?" అంది సుధ.

"వస్తాది."

మండపంలో ఇంకాసేపు తిరిగాం. సూర్యుడు దిగుతున్నాడు, పడవ ఎక్కండి అని మాస్టారు కేకేశారు. అందరూ ఒక్కసారిగా మెట్ల వైపు కదిలారు. అమ్మ కుడిచెయ్యి నేను పట్టుకుని మెట్లు దించాను. ఎడమచెయ్యి పక్కకి చాపి, చిన్నపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పెట్టుకుంది. అటుపక్క సుధ ఉందనే అనుకున్నాను. తొంగి చూడలేదు, అమ్మ కాలు జారకుండా చూడటంతోనే సరిపోయింది. ఇందిర అప్పటికే స్నేహితురాలితో పడవ వెనకవైపు కూర్చుని ఉంది. పాప నాతో వస్తుందని తను అనుకుంది.

పడవాయన మళ్ళీ వేలితో తలలు లెక్కపెట్టాడు. "సరిపోయింది" అని ఇంజను తాడు లాగాడు. ఈ మాట నేనొక్కణ్ణే కాదు, పడవలో ఉన్న అందరూ విన్నారు.

పడవ నేరుగా ఇవతలి గట్టుకి రాలేదు. షికారు కాబట్టి సూర్యుడు దిగే వైపు, ఎగువకి పోయింది. వెలుతురు మొహాన కొట్టడంతో ముందు కూర్చున్నవాళ్ళు నల్లని ఆకారాలుగా కనిపించారు. ముక్కు దగ్గర పలక మీద ఒక చిన్న తల కనిపించింది. కనిపించిందని నేను ఇప్పటికీ అంటాను, ప్రమాణం చెయ్యమంటే మాత్రం చెయ్యలేను. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను.

నీళ్ళు ఎర్రగా, చాలా అందంగా ఉన్నాయి. అందరూ అటే చూస్తున్నారు. నాకు మాత్రం ఎందుకో కుదురు లేదు. మిల్లులో ఏదో మిషను ఆపకుండా ఇంటికి వచ్చేసినప్పుడు ఉండేలాంటి గుబులు. రెండుసార్లు లేవబోతే పడవాయన కూర్చోమని కసిరాడు.

అమ్మ పేర్లు మొదలుపెట్టింది. రామసామీ అంది, పలికాను. ఇందిరా అంది, వెనకనుంచి ఇందిర పలికింది. ఆ తర్వాత ఆగింది. పేరు అందిద్దామని నేను వంగేలోపే "లచ్చక్కా" అనేసింది.

పడవ ముందువైపు నుంచి "ఉండా" అని వినిపించింది.

స్పష్టంగా వినిపించింది. ఇంజను చప్పుడు మీద, చిన్నపిల్ల గొంతు. మాస్టారు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి నవ్వారు. మా ఆచారం పోయేటప్పుడే ఆయనకి చెప్పాను కాబట్టి, పాప ఆట పట్టిస్తోందనుకున్నారు. నేను అలా అనుకోలేదు. తన పేరు అవ్వకి ఇంక రాదని పిల్ల గ్రహించేసింది, అవ్వ చిన్నబోకూడదని ఆ పేరుకే పలికింది అనుకున్నాను. అంత చిన్నపిల్లకి అంత పెద్దమనసా!

అమ్మ "వస్తాది" అనలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చేతుల చాటునుంచే, "వస్తివా తల్లీ" అని మెల్లగా అంది.

పడవ ఇవతలి గట్టుకి వచ్చి ఆగింది. ఒక్కొక్కరే దిగారు. అమ్మని దించి రాతి మీద కూర్చోబెట్టాను. ఇందిర వచ్చి, "సుధ ఏదండీ?" అంది. "ముందు కూర్చుంది కదా" అన్నాను. పడవ వైపు చూశాం. పడవలో ఎవరూ లేరు.

ఆ క్షణం ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. ఇందిర "సుధా" అని పెట్టిన కేకకి ఏటి మీద కొంగలు లేచిపోయాయి. ముందు పలక దగ్గర కూర్చున్న ఆమెని పట్టుకుని, మా పాప నీ పక్కనే కదా కూర్చుంది అని అడిగాను. పక్కన పిల్ల ఉన్నట్టే అనిపించిందనీ, మెట్ల దగ్గర ఎవరో చిన్నపిల్ల తనని తోసుకుంటూ ముందుకి పోయిందనీ, మొహం చూడలేదనీ చెప్పింది. పడవాయన దిగినవాళ్ళని లెక్కపెట్టుకుని మొహం పాలిపోయి నిలబడ్డాడు. "ఎక్కేటప్పుడు సరిపోయింది సార్, నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు.

దారిలో నీళ్ళలో పడిపోయిందా, అవతలి గట్టునే ఉండిపోయిందా? పలికింది కాబట్టి పడవలోనే ఉంది. పడవలో ఉంది కాబట్టి నీళ్ళలోనే పడింది. నా బుర్ర అలాగే పనిచేసింది. నేను నీళ్ళలోకి దూకబోతే మాస్టారు నడుము పట్టుకుని ఆపారు.

ఇంత గోలలో అమ్మ రాతి మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, "వచ్చేసిందిరా, నాయనా, వచ్చేసింది" అంటోంది. ఒళ్ళు తెలియని కోపంతో నోరు ముయ్యమని అరిచాను. అమ్మ ఉలిక్కిపడి నా మొహం చూసింది. ఇందిర మొహం చూసింది. చుట్టూ చూసింది.

"సుదా యాడరా?" అంది. "సుదా ఆ గట్టున ఉండాది. పోరా, సీక్రం పో."

పడవ తిప్పాం. ఈసారి నేరుగా. అయినా ఆ ఏరు ఎంతకీ తరగలేదు. సూర్యుడు దిగిపోయాడు, ఆకాశంలో ఇంకా వెలుతురు ఉంది. నేను పడవ ముక్కు మీద నిలబడి పేరు పెట్టి అరుస్తూనే ఉన్నాను. మధ్యకి వచ్చాక ఇంజను ఆపమన్నాను. అప్పుడు వినిపించింది. దూరంగా, సన్నగా, "ఉండా" అని.

మెట్ల పైన ఒక స్తంభాన్ని రెండు చేతులతో కావలించుకుని నిలబడి ఉంది. బట్టలు నడుము దాకా తడిసిపోయాయి. ఎత్తుకుంటే గుండె దడదడా కొట్టుకుంటోంది, కానీ ఏడవడం లేదు. ఎత్తుకుని ఏడ్చింది నేనే. తిరిగి వస్తుంటే కూడా, జారిపోతుందేమో అన్నట్టు పట్టుకునే కూర్చున్నాను.

ఆ గాజులు మళ్ళీ ఒకసారి చూడాలని గర్భగుడి దగ్గరికి పోయిందట. బయటికి వచ్చేసరికి పడవ కదిలిపోయింది. అరిచింది. ఇంజను చప్పుడులో ఎవరికీ వినిపించలేదు. మెట్లు దిగి, మోకాలి లోతే కదా అని పడవ వెంట నీళ్ళలోకి నడవబోయింది. నడుము దాకా వచ్చాయి నీళ్ళు. ఇంకో అడుగు వెయ్యబోతుంటే వెనకనుంచి, గుడివైపు నుంచి, "సుధా" అని ఎవరో పిలిచారు.

"నువ్వేం చేశావు?" అని అడిగాను.

"ఉండా అన్నాను నాయనా. పేరు పిలిస్తే అనాలి కదా."

పలికి, వెనక్కి తిరిగి, మెట్లెక్కి వచ్చింది. ఎవరూ లేరు. భయమేసి మళ్ళీ నీళ్ళవైపు దిగబోతే మళ్ళీ పిలిచారు. మళ్ళీ పలికి పైకి వచ్చింది. మేము కనబడేదాకా అలా పిలుస్తూనే ఉన్నారట. గొంతు ఎవరిదని అడిగితే, "అవ్వ పిలిచినట్టే ఉంది. కానీ అవ్వ గొంతు కాదు, చిన్న గొంతు" అంది.

ఇవతలి గట్టుకి చేరగానే సుధ నా చంక దిగి అవ్వ దగ్గరికి పరిగెత్తింది. అమ్మ దాన్ని ఒళ్ళోకి లాక్కుని తల నిమిరింది. "సుదా, తడిసిపోతివే సుదా" అంది. ఆ పేరు ఎవరమూ అందించలేదు. ఇందిర నా చెయ్యి గట్టిగా నొక్కింది.

ఆ తర్వాత నెలల తరబడి నేను ఊరుకోలేదు. ఫిట్టరు బుద్ధి కదా, ఎక్కడో స్క్రూ వదులై ఉంటుందని వెతికాను. పడవలో వేరే పిల్లలు లేరు, ఒక చంటిబిడ్డ తప్ప. అది నిద్రపోతోంది. అమ్మే పిలిచి అమ్మే పలికిందా అంటే, అమ్మ నా పక్కనే కూర్చుంది, పెదవులు నా కళ్ళ ముందే ఉన్నాయి. ఏటి మీద అమ్మ పిలుపు గుడిరాళ్ళకి తగిలి సుధకి వినిపించిందేమో అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చిన రోజు హాయిగా నిద్రపోయాను. పొద్దున లేచాక తట్టింది. పడవలో అమ్మ సుధ పేరు పిలవనే లేదు కదా? ఇంక మేము అవతలి గట్టు వైపు తిరిగి పేరు పెట్టి అరిచింది చాలాసేపయ్యాక. అప్పటికి పిల్ల నీళ్ళలోంచి బయటికి వచ్చేసింది.

మాస్టారి ఇంటికి పోయి మళ్ళీ అడిగాను. ఆయన సాక్ష్యాలూ ఆధారాలూ లేకుండా మాట్లాడే మనిషి కాదు. "ఆ గొంతు నేను విన్నాను. పిల్ల పడవలో లేదు, అదీ చూశాను. ఈ రెంటినీ కలపడం నా వల్ల కాదు రామసామీ" అని, కాఫీ ఇచ్చి పంపించారు. పడవాయన మాత్రం, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేసి, ఒక్కొక్కరి భుజం తట్టి ఎక్కిస్తున్నాడని తెలిసింది.

అమ్మ ఆ పెట్టె దింపేసింది. అందులోని పావడా రవికా సుధకి ఇచ్చి, "ఇంక దీనికి పని లేదు పాపా, నువ్వు కట్టుకో" అంది. ఇందిర భయపడి వద్దంది. అమ్మ నవ్వి, తనే కట్టింది. పావడ సుధకి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. సాత్తూరు వంతెన మీద ఆ తర్వాత అమ్మ మా ముగ్గురి పేర్లే పిలిచేది. నాలుగోది పిలవలేదు. ఏమ్మా అంటే, "వచ్చినదాన్ని మళ్ళీ ఏమిటికిరా పిలిచేది?" అంది.

మతిమరుపు తగ్గలేదు. ఆఖరికి నన్ను కూడా ఎవరో అనుకుని, "రాండి, కూర్చోండి" అని మర్యాద చేసేది. సుధ పేరు మాత్రం పోయేదాకా నోట్లోంచి పోలేదు.

అమ్మ పోయి ఇన్నేళ్ళయింది. మిల్లు పని మానేసి మేము మళ్ళీ పల్లెకే వచ్చేశాం. పేర్లు పిలిచే పని నాకు వచ్చి పడింది. మగవాడు పిలవకూడదని ఊళ్ళో వాళ్ళు అంటారు, ఇందిర నోరు తెరవదు, మరి ఎవరు పిలుస్తారు? చిన్నప్పుడు ఆ బస్సులో సిగ్గుతో చచ్చిపోయినవాణ్ణి, ఇప్పుడు వంతెన రాగానే నేనే కమ్మీ పట్టుకుని లేస్తున్నాను. ఇందిరా అంటాను, సుధా అంటాను. అక్కడ ఆపేస్తాను. ఆపాక వంతెన అయిపోయేదాకా నాకు కాలు నిలవదు. ఆ పేరు పిలిస్తే ఎవరైనా పలుకుతారేమోనని భయం. పిలవకపోతే, మా పిల్లని నీళ్ళలోంచి వెనక్కి పిలిచిన పిల్లని మళ్ళీ ఏటి గట్టునే వదిలేస్తున్నానేమోనని అంతకంటే భయం.

సుధని మదురై కాలేజీలో చేర్చడానికి పోతున్న రోజు కూడా అలాగే ఆపేశాను. ముగ్గురు కూర్చునే సీటు. ఇందిర ముందు సీట్లో, సుధ నా పక్కన. కింద వైప్పారు ఇసుక తెల్లగా మెరుస్తోంది. సుధ పుస్తకం మూసి నావైపు తిరిగింది.

"ఆమెని కూడా పిలువు నాయనా. నన్ను పిలిచింది కదా" అంది.

పిలిచాను. బస్సులో వాళ్ళు చూశారు, చూడనీ. ఎవరూ పలకలేదు. బస్సు వంతెన దిగిపోయింది.

సుధ మాత్రం కిటికీ వైపుకి జరిగి, మా ఇద్దరి మధ్య కాస్త చోటు చేసింది. మదురై దాకా ఆ చోటు అలాగే ఉంచింది. ఎందుకు జరిగిందో నేను అడగలేదు. ఏం వినిపించి జరిగిందో నాకిప్పటికీ తెలియదు.